సూదికి వస్తారు, బల్ల ఎక్కరు

పోయిన శ్రావణమాసంలో మా వదిన ఫోన్ చేసి, "రేపు ఖమ్మం వస్తున్నా, నీతో పనుంది, మీ అన్నయ్యకు చెప్పకు" అంది. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

మర్నాడు వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. తెల్లబట్ట ఎక్కువవుతోందని ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, గర్భసంచి మూతి దగ్గర చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారట. రిపోర్టు అడుగున సీఐఎన్ 3 అని ఉంది. అంటే క్యాన్సర్ కాదు, పట్టించుకోకుండా వదిలేస్తే క్యాన్సర్‌గా మారగల దశ. ఆ కాగితానికి రెండు మందుల బిల్లులు పిన్ను కొట్టి ఉన్నాయి. రెండింటికీ మధ్య రెండు నెలల తేడా. రెండింటి మీదా ఒకటే మందు, ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కు వేసే టీకా. ఒక్కోటి దాదాపు నాలుగు వేలు.

"ఇంకో సూది మిగిలింది. అది కూడా పడితే లోపలిది తగ్గిపోతుందన్నారు. తగ్గుతుందంటావా?" అని అడిగింది.

నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచర్ని. వదిన అడిగిన ఆ ఒక్క మాట కోసం మొదలుపెట్టిన చదువు నెలల తరబడి సాగింది. ఈలోపు, వచ్చిన జబ్బును నయం చేయడానికి ప్రయోగాల్లో ఉన్న కొత్తరకం టీకాల మీద నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఈ పోస్టు.

ఉన్న టీకాతో తగ్గదు

ముందు వదిన ప్రశ్నకు జవాబు. తగ్గదు. ఇప్పుడు మన దగ్గర దొరికే హెచ్‌పీవీ టీకాలన్నీ వైరస్ పైపెంకును పోలిన ప్రోటీన్‌తో చేసినవి. ఆ పెంకును గుర్తుపట్టే యాంటీబాడీలు మన ఒంట్లో తయారవుతాయి. వైరస్ కణంలోకి దూరకముందే దాన్ని పట్టుకుంటాయి. అందుకే వైరస్ ఇంకా సోకని వయసులో, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలకు వేయించమంటారు. ఆ పనిలో అది అద్భుతమైన టీకా. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ వైరస్ ఒకసారి లోపలికి వెళ్లి కూర్చున్నాక కథ వేరు. గర్భాశయ ముఖద్వారం పొరల్లో అడుగున ఉండే కణాల్లోకి చేరాక, ఆ కణాల్లో పైపెంకు ప్రోటీన్ తయారవదు. అక్కడ తయారయ్యేవి ఇ6, ఇ7 అనే రెండు వేరే ప్రోటీన్లు. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53ని ఇ6 నాశనం చేయిస్తుంది. ఆర్‌బీ అనే ఇంకో కాపలా ప్రోటీన్‌ను ఇ7 పనిచేయకుండా చేస్తుంది. ఇక కణాలు ఆగకుండా పెరుగుతూ పోతాయి. పెంకు కోసం వెతికే యాంటీబాడీలకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇది ఊహ కాదు, పరీక్షించి చూసిన సంగతే. కోస్టారికాలో అప్పటికే వైరస్ ఉన్న 2,189 మంది యువతులను తీసుకుని, కొందరికి హెచ్‌పీవీ టీకా, మిగతావాళ్లకు సంబంధం లేని వేరే టీకా వేశారు. ఆరు నెలలకు వైరస్ పోయినవాళ్లు మొదటి గుంపులో 33.4 శాతం, రెండో గుంపులో 31.6. ఏడాదికి చూస్తే 48.8, 49.8. అంటే తేడా లేనట్టే. 2007లోనే అచ్చయిన ఫలితం ఇది. అయినా మా వదిన లాంటివాళ్లకు 'సూదితో తగ్గిపోతుంది' అని ఇంకా చెబుతున్నారు. ఎనిమిది వేలు పోతే పోయాయి, సంపాదించుకుంటాం. మూడు నెలల కాలం పోయిందే, అది నాకు కడుపు మండే విషయం.

ఆ మూడు నెలలూ వదిన ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎందుకో ఆ రోజు వంటింట్లో చెప్పింది. "అది ఎలా వస్తుందో ఫోన్లో చూశాను. మీ అన్నయ్యను అనుమానించాలా, నన్ను ఆయన అనుమానిస్తాడా?" పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుందని, ఏళ్ల తరబడి పైకి తెలియకుండా ఉండగలదని, ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేరని చెప్పాను. విన్నది. నమ్మిందో లేదో తెలియదు.

పావుగంట పని

పది రోజుల తర్వాత ఇంకో ఆసుపత్రిలో లీప్ చేయించాం. సన్నటి తీగ ఉచ్చులోకి కరెంటు పంపి, చెడిన పొరను చెక్కు తీసినట్టు తీసేస్తారు. అక్కడి వరకే మత్తు. లోపలికి వెళ్లిన వదిన పావుగంటలో బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇంతేనా? దీనికోసమా నేను మూడు నెలలు నిద్రపోనిది?" అంది. సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్లిపోయాం.

ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది, ఇంత తేలికైన వైద్యం ఉండగా కొత్తరకం టీకాలతో నయం చేద్దామని ప్రపంచంలో ఎక్కడెక్కడో ప్రయోగాలెందుకని. దానికి తోడు న్యూజిలాండ్ సంగతి చదివాను. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1960లలో హెర్బర్ట్ గ్రీన్ అనే డాక్టరు, ఈ దశ క్యాన్సర్‌గా మారదన్న నమ్మకంతో, కొంతమందికి పూర్తి వైద్యం చేయకుండా కనిపెట్టి చూస్తూ కూర్చున్నాడు. వాళ్లెవరికీ తాము ప్రయోగంలో ఉన్నామని తెలియదు. 1987లో ఇద్దరు స్త్రీలు పత్రికలో రాస్తే విషయం బయటపడి విచారణ జరిగింది. ఆ రికార్డులన్నీ తిరగేసి 2008లో లెక్క కట్టారు. సరైన వైద్యం అందనివాళ్లలో ముప్పై ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. అందినవాళ్లలో 0.7 శాతం మందికే.

31 ఎక్కడ, 0.7 ఎక్కడ! ఈ రెండు అంకెలు చూశాక, సీఐఎన్ 3 ఉన్న మనిషిని 'టీకా పనిచేస్తుందేమో చూద్దాం, ఆగండి' అనడం నాకు నేరంలా అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లు దాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. ఈ మాట నేను మార్చుకోలేదు. మారింది వేరే.

ఏడో తరగతి గదిలో పరదా

చలికాలంలో మా స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. వరండాలో బీపీ, షుగర్ పరీక్షలు. ఏడో తరగతి గదిలో రెండు బెంచీలు జరిపి, చెక్క బల్ల వేసి, చీర పరదా కట్టారు. వెనిగర్ లాంటి పల్చటి మందు గర్భాశయ ముఖద్వారానికి పూసి, తెల్లమచ్చ కనబడితే పెద్దాసుపత్రికి పంపే పరీక్ష అది. వరండాలో లైను గేటు దాకా ఉంది. మధ్యాహ్నానికి పరదా వెనక్కి వెళ్లినవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఒకరు ఆశా వర్కరే.

మా ఊరి ఆశా కార్యకర్తకు అందరి ఇళ్లూ తెలుసు. రెండు రోజులు ముందే గడప గడపకూ తిరిగి చెప్పింది. పరీక్ష రాసి ఫెయిలైన పిల్లలా బెంచీ మీద కూర్చుని, "సూదంటే వస్తారు టీచరమ్మా, బల్ల ఎక్కమంటే ఎక్కరు. కరోనా సూదికి పొద్దు గూకినా లైన్లోంచి కదల్లేదు వీళ్లే" అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా కాదు. మా వదినకు తెల్లబట్ట అయింది కాబట్టి, బస్సు ఛార్జీలున్నాయి కాబట్టి, నేనున్నాను కాబట్టి ఆ పావుగంట దొరికింది. మిగతా తొంభై ఎనిమిది మందికి ఏ పావుగంటా లేదు. వాళ్ల విషయంలో లీప్ గొప్పదా, టీకా గొప్పదా అన్న పోటీయే లేదు. వాళ్లకు ఉన్నది ఏమీ లేకపోవడం.

నా అభిప్రాయం మారింది ఇక్కడే. జబ్బును నయం చేసే టీకా ఎప్పటికైనా వస్తే, దాని అవసరం నెదర్లాండ్స్‌కో అమెరికాకో కాదు, మనకే ఎక్కువ. వాళ్లకు అది కోతను తప్పించే సౌకర్యం. మనకు ఏఎన్ఎమ్ చేతిలోని ఐస్‌ బాక్సులో సబ్‌సెంటర్ దాకా వెళ్లగలిగే ఏకైక వైద్యం కావచ్చు. మన వ్యవస్థకు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో పరీక్షించడం చేతకాదు కానీ, సూది వేయడం బాగా వచ్చు.

ప్రయోగాల్లో ఏం తేలింది

ఈ టీకాల గురి వైరస్ పెంకు మీద కాదు, ఇ6, ఇ7ల మీద. యాంటీబాడీలతో పని కాదు, రోగం పట్టిన కణాన్ని వెతికి చంపే టీ-కణాలకు తర్ఫీదు ఇవ్వాలి. ఈ వైరస్ రక్తంలోకి రాదు, కణాన్ని పగలగొట్టదు, వాపు తెప్పించదు. చప్పుడు చేయకుండా పై పొరల్లోనే కాపురం పెడుతుంది. అందుకే ఒంటికి దాని సంగతి సరిగ్గా తెలియదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో జెమ్మా కెంటర్ బృందం చేసిన అధ్యయనం. అది ముఖద్వారం గురించి కాదు, బయటి జననాంగం మీద ఇదే వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ ముందు దశ గురించి. ఆ బాధ పడేవాళ్లకు దురద, మంట, మళ్లీ మళ్లీ కోతలు. ఎంత కోసినా పక్కన మళ్లీ పుడుతుంది. ఇరవై మందికి టీకా వేస్తే, ఏడాదికి లెక్కలోకి వచ్చిన 19 మందిలో 15 మందికి ఎంతో కొంత గుణం కనిపించింది. తొమ్మిది మందికి పూర్తిగా పోయింది. 2009లో వచ్చిన ఫలితం ఇది. నూటికి నూరు కాదు, కానీ కత్తి తప్ప దిక్కులేని చోట సగం మందికి కత్తి తప్పడం చిన్న విషయమా?

గ్రోనింగెన్‌లో ఈ మధ్య ఇంకోటి చేశారు. 1942లో ఉగాండాలోని సెమ్లికీ అడవిలో దోమల్లో దొరికిన వైరస్‌ను మార్చి, ఇ6, ఇ7ల సమాచారం మోసే వాహనంగా వాడారు. హెచ్‌పీవీలో 16 అనే రకం వల్ల సీఐఎన్ 3 వచ్చిన 18 మందికి మూడేసి వారాల తేడాతో మూడు సూదులు. తొమ్మిది మందికి జబ్బు వెనక్కి తగ్గింది. గొంతులో పుట్టి మాటిమాటికీ ఆపరేషన్ చేయించే హెచ్‌పీవీ గడ్డలకు 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి పద్ధతిలో తయారైన మందుకు అనుమతి ఇచ్చింది. 35 మందిలో 18 మందికి ఏడాది పాటు ఆపరేషన్ అవసరం పడలేదు. అవి హెచ్‌పీవీ 6, 11 రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఎక్కువగా తెచ్చేవి 16, 18. అయినా దారి మూసుకుపోలేదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

నిరాశపరిచిన సంగతి కూడా చెప్పాలి. వీజీఎక్స్-3100 అనే డీఎన్‌ఏ టీకా మీద అందరూ ఆశలు పెట్టుకున్నారు. 2015లో వచ్చిన ఫలితంలో టీకా పడిన 107 మందిలో 53 మందికి జబ్బు తగ్గింది. ఉత్తుత్తి సూది పడిన 36 మందిలో 11 మందికి తగ్గింది. ఈ పదకొండు మందిని జాగ్రత్తగా చూడాలి. ఏ మందూ లేకుండానే నూటికి ముప్పై మందికి తగ్గిందన్నమాట. ఎవరికి దానంతటదే తగ్గుతుందో, ఎవరికి ముదురుతుందో ముందే చెప్పలేకపోవడమే ఈ జబ్బులో అసలు చిక్కు. తర్వాత చేసిన పెద్ద ప్రయోగంలో జబ్బు తగ్గి, వైరస్ కూడా పోయినవాళ్లు 23.7 శాతమే. ఉత్తుత్తి సూదిలో 11.3. ఇంకో పెద్ద ప్రయోగం గురి తప్పాక, 2023లో కంపెనీ అమెరికాలో ఆ పని ఆపేసింది.

నన్ను ఇంకా పీడించే అనుమానాలు

పై అంకెలు చూసి మా కొలీగ్ ఒకావిడ అడిగింది: "సగం మందికే పనిచేస్తే, మిగతా సగం మంది సూది పడింది కదా అని నిశ్చింతగా ఉండిపోరా? మీ వదిన అలాగే కదా ఉన్నది?"

నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. సూది వేశాక ఎవరికి తగ్గిందో తెలియాలంటే మళ్లీ పరీక్షే కావాలి. తప్పించుకుందామనుకున్న బల్ల దగ్గరికే తిరిగి వచ్చినట్టు. కొంత ఊరట ఏమిటంటే, హెచ్‌పీవీ పరీక్షకు నమూనా ఆడవాళ్లే స్వయంగా తీసుకోవచ్చు. చిన్న బ్రష్ లోపల తిప్పి గొట్టంలో పెట్టి ఇస్తే సరిపోతుంది, బాత్రూంలోనే అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేసింది. సూది, ఆ తర్వాత బ్రష్, అప్పటికీ వైరస్ ఉన్నవాళ్లకు మాత్రమే బల్ల. అలాగైతే బల్ల ఎక్కాల్సినవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిని ఆశా వర్కరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లగలదు. కాగితం మీద ఇది బాగానే ఉంది. మా ఊళ్లో జరుగుతుందా అంటే, జరగాలని కోరుకోవడం తప్ప ఏం చెప్పగలను?

ఇంకో మాట అన్నారు మా కొలీగే. లీప్ ఉండగా కోత గురించి అంత భయమెందుకని. లీప్‌కు కూడా ఖర్చుంది. పొర కోయించుకున్నవాళ్లలో నెలలు నిండకుండా కాన్పయ్యేవాళ్లు దాదాపు 10.7 శాతం, కోయించుకోనివాళ్లలో 5.4 అని 2016లో పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చారు. పిల్లలు కావాల్సిన పాతికేళ్ల అమ్మాయికి ఇది చిన్న తేడా కాదు. పైగా మన దగ్గర కోత లీప్‌తో ఆగుతోందా? 'క్యాన్సర్ వస్తుంది' అన్న ఒక్క మాటతో గర్భసంచే తీసేస్తున్నారు. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మా వీధిలో ముప్పై ఐదు దాటిన ఆడవాళ్లను లెక్కపెడుతూ వెళ్తే నా చేతివేళ్లు చాలలేదు. ఇలాంటి చోట, కోయకుండా నయం చేసే మందుకు ఉండే విలువ వేరు.

ఖమ్మంలో ఈ మాట ఎత్తితే

మా అమ్మాయికి పన్నెండేళ్లు. హెచ్‌పీవీ టీకా వేయిద్దామంటే మా అత్తయ్య అన్న మొదటి మాట, "ఆ హాస్టల్ పిల్లలకు వేసిన సూదేనా?"

ఆ రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. అది నేను నమ్ముతాను. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన ఇంకో సంగతి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. టీకా మంచిదే. అడగకుండా వేసిన తీరు మాత్రం మంచిది కాదు. పదిహేనేళ్లు దాటినా మా అత్తయ్య నోట అదే మాట రావడానికి కారణం ఆ కాగితాలే.

ఆ గొడవ వల్ల దేశంలో అదే సమయంలో నడుస్తున్న వేరే అధ్యయనంలోనూ టీకాలు ఆగిపోయాయి. రెండు లేదా మూడు డోసులు పడాల్సిన వేలమంది ఆడపిల్లలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. పదేళ్లు వాళ్ల వెంట తిరిగి చూస్తే, ఒక్క డోసు పడినవాళ్లకు కూడా గట్టి రక్షణ ఉందని తేలింది. 2022లో ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పడానికి ఆధారమైన అధ్యయనాల్లో అదొకటి. మన ఆడపిల్లల వల్ల ప్రపంచానికి తెలిసిన సంగతి ఇది. ఇక్కడ ఎంతమందికి తెలుసు?

నయం చేసే టీకా రేపు మన పల్లెల్లో ప్రయోగానికి వస్తే నేను వద్దనను, రమ్మంటాను. కానీ పేదవాళ్లు, బల్ల ఎక్కనివాళ్లు, ఎదురు ప్రశ్న వేయనివాళ్లే అప్పుడు కూడా ముందు వరసలో ఉంటారని తెలుసు. లీప్ చేయించుకునే అవకాశం నీకుంది, ఇది పనిచేయకపోవచ్చు, ఇన్ని వారాలకు తగ్గకపోతే మేమే కోసి తీసేస్తాం, మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు. ఈ నాలుగు మాటలు ఎదురుగా కూర్చుని తెలుగులో చెప్పిన తర్వాతే సూది తీయాలి. ఆక్లండ్‌లో చెప్పలేదు. భద్రాచలంలో పిల్లల తల్లిదండ్రులకు చెప్పలేదు.

వదినకు సంక్రాంతి తర్వాత మళ్లీ పరీక్ష చేశారు, వైరస్ లేదన్నారు. మూడో సూది సంగతి అడిగింది. లీప్ తర్వాత టీకా వేస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది కానీ, దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో ఆ ప్రయోజనం కనబడలేదు. అదే చెప్పి, మందుగా కాదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుందనుకుంటే వేయించుకో అన్నాను. ఆలోచిస్తానంది.

మొన్న ఆ ప్లాస్టిక్ కవరు నా బీరువాలోనే ఉండిపోయిందని తీసి చూశాను. లీప్ రోజు సంతకం పెట్టిన అంగీకార పత్రం నకలు అందులో ఉంది. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నర్సు వేలు పెట్టి చూపించిన చోట వదిన సంతకం, దాని కింద సాక్షిగా నాది. ఆ రోజు వదిన ఒక్క లైను కూడా చదవలేదు. నేనూ చదవలేదు.